మూడో కాలి బోల్టు

బొగ్గుల గ్రిల్లు మూడో కాలి నుంచి ఊడివచ్చిన బోల్టును అరచేతిలో పెట్టుకుని చూసిన మరుక్షణం ఆమెకి తెలిసిపోయింది: ఎవరో దాన్ని మార్చేశారు.

పొరపాటు పడే అవకాశమే లేదు. మిగతా రెండు కాళ్ళ బోల్టులు పక్కనే పాత సత్తుపళ్ళెంలో ఉన్నాయి. రెండూ ఆమె చిటికెన వేలంత పొడవు. ఇది అందులో సగం కూడా లేదు. మందం ఒకటే, చుట్లు ఒకటే, ఆరు మూలల తలా ఒకటే. పొడవే తేడా. తీగల బ్రష్షుతో గీకితే వాటి తుప్పు కింద తెల్లటి ఉక్కు బయటపడింది. దీన్ని గీకితే పసుప్పచ్చగా ఏదో మెరిసింది.

ఆమె పెరట్లో రేకుల షెడ్డు ముందు, పీట మీద, నూనె చేతులతో అలాగే కూర్చుండిపోయింది. ఇంట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్! నా మాత్రల వేళ దాటిపోయింది. ఆ తుప్పుముక్కలు పీకితే నీకేమైనా కిరీటం పెడతారా?"

"వస్తున్నా అత్తయ్యా."

పొట్టి బోల్టు జేబులో వేసుకుని లేచింది.

ఆ బొగ్గుల గ్రిల్లుకు ఇంట్లో పేరు గుండు. నల్లటి ఎనామిల్ గిన్నె, దాని మీద బోర్లించిన మరో గిన్నెలాంటి మూత, కింద మూడు కాళ్ళు. మూత పెడితే నున్నగా గొరిగిన తలకాయలా ఉందని మరిది ఆ పేరు పెట్టాడు. కాళ్ళు మూడూ బోలు గొట్టాలు. గిన్నె అడుగున అతికించి ఉన్న పొట్టి గొట్టాల్లోకి దూరతాయి. ఒక్కో కాలికి ఒక్కో బోల్టు. అది బయటి గొట్టంలోంచి దూరి, లోపలున్న కాలిని దాటి, అవతలి గోడలో బిగుసుకోవాలి. అంతే ఆ యంత్రాంగం. బోల్టు పొడుగ్గా ఉంటే కాలు కదలదు. పొట్టిగా ఉంటే మొదటి గోడ దగ్గరే ఆగిపోతుంది, లోపలి కాలిని తాకనైనా తాకదు. కానీ బయటనుంచి చూసేవాళ్ళకి తేడా తెలీదు. స్పానర్ పెట్టి తిప్పేవాళ్ళకి కూడా, అది బిగుసుకున్నట్టే ఉంటుంది.

స్పానర్ పెట్టి తిప్పేవాళ్ళకి కూడా! అత్తగారి చేతికి మాత్రలు అందిస్తూ ఆమె ఆ ఆలోచన దగ్గరే ఆగిపోయింది. గ్లాసులో నీళ్ళు ఒలికాయి.

"చూసి పట్టుకో," అంది అత్తగారు. "నీ చెయ్యి పడితే ఏదీ నిలవదు కదా."

ఆ మాట వయసు పన్నెండేళ్ళు.

పన్నెండేళ్ళ కిందట భర్తకి ప్రమోషన్ వచ్చింది. దానితోపాటు ఇత్తడి రేకు తాపిన ఒక పెద్ద చెక్క షీల్డు కూడా వచ్చింది. సాయంత్రం పెరట్లో విందు. ఇంటినిండా అతని ఆఫీసువాళ్ళు, బంధువులు. ఆమె తెల్లవారకముందే లేచి చేపలు కడిగింది, ఉల్లిపాయలు తరిగింది, తెచ్చిన కుర్చీలన్నీ తుడిచింది, ఆరేళ్ళ కూతురి జడలు వేసింది, భర్త చొక్కా ఇస్త్రీ చేసింది, అది కాదు నీలం రంగుది అంటే అదీ చేసింది. నిప్పు రాజేసే ముందు స్పానర్ పట్టుకుని గుండు చుట్టూ తిరిగి మూడు బోల్టులూ బిగించింది. మూడూ గట్టిగానే ఉన్నాయి. ఆ సంగతి ఆమె చేతికి తెలుసు.

అందరూ ప్లేట్లు పట్టుకున్నాక, పొగ మొహాల మీదికి కొడుతోందని మరిది గుండును కాస్త పక్కకి జరిపాడు. మూడో కాలు సర్రున జారిపోయింది. గిన్నె ఒరిగి నిప్పులన్నీ కుప్పగా కింద పడ్డాయి. పక్క కుర్చీలో ఉన్న అత్తగారి కుడిపాదం మీద కూడా.

అరుపులు, బకెట్ల నీళ్ళు, ఆవిరి. ఆ గందరగోళంలో ఎవరో అడిగారు, "దీన్ని బిగించిందెవరండీ?"

"నేనే," అంది ఆమె, అత్తగారి కాలు తన ఒళ్ళో పెట్టుకుని. "మూడూ బిగించాను. గట్టిగా బిగించాను."

భర్త ఆమె మొహంలోకి చూడలేదు. అందరికీ వినబడేలా అన్నాడు:

"బిగిస్తే ఎలా ఊడుతుంది?"

ఆ ఒక్క ప్రశ్నతో విచారణ ముగిసింది. ఆ తర్వాత శిక్ష మొదలైంది. పొద్దునా సాయంత్రం అత్తగారి పాదానికి కట్టు విప్పి, కడిగి, మందు రాసి, మళ్ళీ కట్టింది ఆమే. "నువ్వు కాల్చిన కాలు, నువ్వు కాక ఎవరు కడతారు?" అనేది అత్తగారు. కోపంగా కూడా కాదు, రేపు పాలు ఎక్కువ పోయించుకోవాలి అన్నంత మామూలుగా. పుండు మానింది. మాట మానలేదు. ఆమె స్టూలెక్కి బల్బు మారుస్తుంటే, "దిగు దిగు, వీధంతా చీకటి చేస్తావు," అని భర్త నవ్వేవాడు. కుక్కర్ పిడి వదులైతే మరిది దూరంగా జరిగి, "వదిన బిగించిందా, అయితే నేను వరండాలో తింటా," అనేవాడు. నవ్వులు. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే "సరదాకి అంటే ఏడుస్తావేంటి" అంటారు కాబట్టి. అన్నిటికంటే లోతుగా దిగింది మాత్రం కూతురి మాట. సైకిల్ సీటు జారిపోతోందని ఆమె స్పానర్ తీసుకెళ్తే ఆ పసిది సీటును రెండు చేతులా కప్పేసుకుంది. "నువ్వొద్దమ్మా. నాన్న వచ్చాక." ఆరేళ్ళ పిల్లకి తల్లి చేతుల మీద నమ్మకం పోయింది. ఆ తర్వాత ఆమెకే పోయింది. గ్యాస్ కట్టేసి, మళ్ళీ వచ్చి చూసి, మంచం ఎక్కాక మరోసారి లేచి వెళ్ళి చూసేది. ఆ సాయంత్రం మూడు బోల్టులూ బిగించానా? రెండే బిగించి మూడోది అనుకున్నానా? ఏళ్ళు గడిచేకొద్దీ అదీ సందేహమే అయింది. తన జ్ఞాపకం కూడా వాళ్ళ మాటే వినడం మొదలుపెట్టింది.

విచిత్రం ఏమిటంటే, ఆ చేతులే బయట మరో బతుకు బతికాయి.

అత్తగారి పాదం మానాక ఆమె కళ్ళద్దాల దుకాణంలో పనికి చేరింది. మొదట అద్దాలు తుడవడం, టీ పెట్టడం. ఒకరోజు ఒక ముసలాయన ఫ్రేము మరచీల తుప్పుపట్టి కదలక సేల్స్‌మన్ దాన్ని విరగ్గొట్టబోతుంటే, "ఒక్కసారి ఇలా ఇవ్వండి," అంది. ఎందుకడిగిందో ఆమెకే తెలీదు. వేడిగాలి తగిలించి, ఒక నూనెచుక్క వేసి, విప్పే ముందు ఒక వెంట్రుకవాసి బిగించింది. చీల కిర్రుమంది. తరవాత తేలిగ్గా తిరిగింది. అప్పటినుంచి మొండి ఫ్రేములన్నీ వెనకగదిలోకి, ఆమె దగ్గరికే వచ్చేవి. సందులోవాళ్ళు అద్దాలక్క అని పిలిచేవాళ్ళు. అయితే ముందు కౌంటరు దగ్గర సేల్స్‌మన్ మాత్రం, "మా టెక్నీషియన్ దగ్గరికి పంపించి మరీ చేయించాను సార్," అనేవాడు. ఆ టెక్నీషియన్ అదే సమయంలో అతనికి టీలో పంచదార కలుపుతూ ఉండేది.

ఇంట్లో మాత్రం ఆమె పని "అద్దాలు తుడవడం"గానే మిగిలిపోయింది. ఆమె కూడా సరిచేయలేదు.

ఈ వారం మొదట్లో దుకాణం పెద్దాయన ఆమెను పిలిచాడు. "అమ్మా, వీధివైపు కిటికీ దగ్గర రిపేరు బల్ల వేయిస్తున్నాను. దాని మీద నువ్వే కూర్చోవాలి. అందరికీ కనబడేట్టు. టీలూ గీలూ ఇంక నీ పని కాదు. సోమవారానికి చెప్పు, లేకపోతే ఇంకొకరిని చూసుకోవాలి."

"ఇంట్లో అడిగి చెప్తానండీ," అంది ఆమె. అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

అడిగింది. భర్త పేపరు కిందికి దించకుండానే నవ్వాడు. "నువ్వా? కిటికీలో కూర్చుని? జనం కళ్ళు జాగ్రత్త తల్లీ." తర్వాత పేపరు మడిచి, పనిలో పనిగా అన్నట్టు, "ఆదివారం అమ్మ పుట్టినరోజు కదా, అందరూ వస్తారు. షెడ్డు ఖాళీ చేయాలి. ఆ గుండును పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం," అన్నాడు.

"నేను బాగుచేస్తాను," అంది ఆమె.

తన నోటిలోంచి వచ్చిందని ఆమెకి ఒక క్షణం తర్వాతగాని అర్థం కాలేదు. భర్త మొహంలో నవ్వు ఆగింది. మళ్ళీ వచ్చింది గానీ, ఆగడం మాత్రం ఆమె చూసింది.

"ఆ బోల్టులు నీ వల్ల ఊడవు. పన్నెండేళ్ళ తుప్పు. అనవసరంగా వేళ్ళు నలగ్గొట్టుకుంటావు."

"ఆదివారం దాకా నా దగ్గరుంటే మీకేం పోయింది? నిలబడితే ఉంటుంది. లేకపోతే తీసుకెళ్ళిపొమ్మనండి."

ఆమెకి కావలసింది గ్రిల్లు కాదు. సోమవారం పెద్దాయనకి ఏం చెప్పాలో తెలియాలి. ఈ చేతులు తుప్పును విప్పగలవా, విప్పినదాన్ని మళ్ళీ నిలబెట్టగలవా? ఆ జవాబు గుండు దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదనిపించింది.

పని మొదలుపెట్టింది. దుకాణం నుంచి వచ్చాక, వంటకి ముందు దొరికే ఆ కాస్త సంధ్యవేళ పెరట్లో గడిపింది. గుండును బోర్లా తిప్పి, సాలెగూళ్ళు దులిపి, గిన్నె లోపలి మసిని అట్టముక్కతో గీకింది. వంటకి పెట్టే జాలీని, పిడి తాలూకు చిన్న బోల్టులను వెనిగర్‌లో నానేసింది. మర్నాటికి వెనిగర్ టీ డికాషన్ రంగులోకి మారింది, బోల్టులు తెల్లబడ్డాయి. మొదటి కాలు సులువుగానే లొంగింది. కిరోసిన్‌లో మిషన్ నూనె కలిపి చుక్కలు చుక్కలుగా పోసి, తల మీద సుత్తితో టకటకా కొట్టి ఒక రోజు వదిలేస్తే తిరిగింది. రెండోది మొండికేసింది. దాని తల మూలలు అరిగిపోయి స్పానర్ జారుతోంది. ఆకురాయితో మూలలకి మళ్ళీ పదును తెచ్చి, పట్టు వదలని ప్లయరుతో పట్టుకుని, ముందు బిగించేవైపు ఒక వెంట్రుకవాసి తోసింది. తుప్పు పగిలిన చప్పుడు వినపడింది. కంకర మీద కాలేసినట్టు. ఆ తర్వాత ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు. తొందరపడితే విరుగుతుంది. ఆమెకి తొందర లేదు. ఏళ్ళ తరబడి తొందర లేకుండా బతకడం నేర్చుకున్న మనిషి ఆమె.

మూడోదే అసలు శత్రువు. కదిలితే ఒట్టు. చివరికి పెద్దాయనని అడిగి, ఫ్రేములు మెత్తబరిచే వేడిగాలి యంత్రం ఇంటికి తెచ్చింది. గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా గాలి పట్టి, బోల్టు మొదట్లో కొవ్వొత్తి ఆనించింది. మైనం కరిగి, వేడి పీల్చుకున్నట్టు చుట్ల లోపలికి జారిపోయింది. చల్లారనిచ్చి, మళ్ళీ వేడి చేసి, మళ్ళీ మైనం. ఆ శుక్రవారం సాయంత్రం బిగించేవైపు ఒక్క తోపు తోసి, వెనక్కి తిప్పింది. కిర్రుమంది. వచ్చేసింది. మరీ త్వరగా వచ్చేసింది, ఎందుకంటే అది పొట్టిది.

శుక్రవారం భోజనాల దగ్గర ఆమె మామూలుగా, కూర వడ్డిస్తూ అంది: "మూడో బోల్టు కూడా ఊడిందండీ."

భర్త చేతిలో ముద్ద ఆగింది. "విరిగిందా?"

"లేదు. నిండుగా వచ్చింది."

"పారేయ్. పాతవెందుకు? రేపు నేను కొత్తవి కొనుక్కొస్తాను."

కూతురు తల ఎత్తింది. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది, నాలుకకి పదునెక్కింది. "నాన్నా, వంటింట్లో కుళాయి వాషరు కొనుక్కొస్తానని నేను స్కూల్లో ఉన్నప్పుడు అన్నావు. ఇప్పటికీ కారుతోంది. బోల్టులకి మాత్రం ఇంత హడావుడేంటి?"

"నీకు అన్నిటికీ వెటకారమే," అన్నాడు అతను, కంచంలోకి చూస్తూ.

ఆమె లోపల ఒక మనిషి లేచి నిలబడి, చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆ మనిషికి సాక్ష్యాలు కావాలి.

మొదటి అనుమానం మరిది మీదికే పోయింది. ఆ రోజు గుండును జరిపింది అతనే. ఫోన్ చేసింది.

"వదినా, నేనా?" మరిది పగలబడి నవ్వాడు. "నేను స్పానర్ పట్టుకోవడం నువ్వెప్పుడైనా చూశావా? నాకు సైకిలు బెల్లు బిగించడమే రాదు. ఆ రోజు మధ్యాహ్నమంతా నేను కుర్చీల కోసం తిరుగుతున్నా. ఇంట్లో ఉంది నువ్వూ, అన్నయ్యా, అమ్మే. ఏంటి, కేసు మళ్ళీ తెరిచావా?"

"అలాంటిదే."

"అయితే ఆదివారం బకెట్ నీళ్ళతో వస్తా."

అత్తగారి కుట్టుపెట్టె కూడా వెతికింది. గుండీలు, సూదులు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు. పసుప్పచ్చ బోల్టు జత అందులో లేదు. ఇక మిగిలింది ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆలోచన తడబడింది. పక్కలో పడుకునే మనిషిని అనుమానించాలంటే అంత సులువు కాదు. భర్త ఆ రోజు మధ్యాహ్నం ఏం చేస్తున్నాడు? స్నానం. చొక్కా. ఇంకేదో. సుత్తి చప్పుడు. అవును, హాల్లో సుత్తి చప్పుడు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. తిన్న కంచం సింకులో పెట్టడం కూడా ఎరగని మనిషి, ఆ రాత్రి అందరూ ఆసుపత్రినుంచి తిరిగొచ్చేసరికి గుండునూ ఊడిన కాలినీ తనే మోసుకెళ్ళి షెడ్డులో పెట్టి, గొళ్ళెం వేసి ఉన్నాడు. "దాన్నింక ఎవరూ ముట్టుకోకండి," అన్నాడు. అప్పుడామెకి కళ్ళు చెమర్చాయి. తనని అవమానం నుంచి కాపాడాడనుకుంది.

శనివారం పొద్దున, రేపు చుట్టాలొస్తారని హాలు దులిపింది. గోడ మీద ఇనుప పట్టీకి బిగించి ఉన్న షీల్డు దగ్గరికి వచ్చింది. ఇత్తడి రేకు తుడిచింది. చెక్క పీఠం తుడిచింది. పీఠం అడుగున గుడ్డ పెట్టగానే, వారం వారం జరిగేదే జరిగింది. ఎడమవైపు కిందికి పొడుచుకొచ్చిన బోల్టు మొన గుడ్డను పట్టుకుని లాగింది. ఎన్ని గుడ్డలు చిరిగాయో దాని వల్ల. ఎన్నిసార్లు వేలు గీరుకుందో. కుడివైపు ఆ బాధ లేదు. అక్కడ బోల్టు నట్టు దగ్గరే మర్యాదగా ఆగిపోతుంది.

గుడ్డ అక్కడే వేలాడుతుండగా ఆమె స్టూలు తెచ్చుకుని ఎక్కింది.

కుడివైపు బోల్టు తల పసుప్పచ్చగా ఉంది. ఎడమవైపుది తెల్లగా ఉంది.

జేబులోంచి పొట్టి బోల్టు తీసి కుడివైపు దాని పక్కన పెట్టి చూసింది. ఒకే రంగు. తల మీద ఒకేలాంటి గీత. ఒకే పెట్టెలోంచి వచ్చినవి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. సర్దినవాడి పొరపాటు. పొట్టిది ఇంత దళసరి చెక్కని దాటి నట్టును అందుకోలేదు. కాబట్టి ఎవరో పెరట్లోకి వెళ్ళి, అందుబాటులో ఉన్న ఒక పొడుగు బోల్టు విప్పుకొచ్చి, దాని స్థానంలో ఈ పొట్టిదాన్ని దూర్చేశారు. పన్నెండేళ్ళుగా ఆ షీల్డు ఆమె బోల్టు మీదే నిలబడి ఉంది. ఆమే దాన్ని వారం వారం తుడిచింది. తుడిచిన ప్రతిసారీ ఆ మొన ఆమె వేలిని పట్టి లాగుతూ, ఇక్కడున్నాను చూడు, ఇక్కడున్నాను చూడు అంటూనే ఉంది.

స్టూలు మీద నిలబడే ఆమె పైకి అంది, గోడకి వినబడేలా: "బిగించాను."

మళ్ళీ అంది. "మూడూ బిగించాను."

కోపం వచ్చింది, నిజమే. కాని దానికంటే ముందు వచ్చింది వేరొకటి. చాలాకాలం ఊరుగాని ఊళ్ళో ఉండి, తన ఇంటి తాళం తనే తెరుచుకున్న మనిషికి కలిగే నిమ్మళం. తన జ్ఞాపకం తనకి తిరిగొచ్చింది. తన చేతులు తనకి తిరిగొచ్చాయి. అతను మార్చి మర్చిపోయాడేమో అని కూడా అనుకుంది. ఏ కాలికి ఏ బోల్టు పెట్టాడో గుర్తులేదేమో, రెండిటికీ ముడి తోచలేదేమో. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి అంత అవకాశం ఇవ్వడం కూడా ఒక అలవాటే. ఏమైనా, అది అతని లెక్క. తన లెక్క తేలిపోయింది.

స్టూలు దిగకుండానే ఫోన్ తీసి దుకాణం పెద్దాయనకి చేసింది.

"బల్ల వేయించెయ్యండి. సోమవారం నేనే కూర్చుంటాను."

"ఇంట్లో అడిగావా అమ్మా?"

"అడగాల్సినదాన్ని అడిగాను."

మర్నాడు మధ్యాహ్నం, భర్త పెరట్లో కుర్చీలు వేయిస్తుండగా, స్పానర్ తెచ్చి ఎడమవైపు బోల్టు విప్పింది. దానికి తుప్పు లేదు, ఇంట్లో హాయిగా బతికింది కదా. షీల్డు ఒక్క బోల్టు మీద ఎడమవైపుకి కొద్దిగా ఒరిగింది, వినడానికి చెవి వంచినట్టు. దాన్ని అలాగే వదిలేసింది. పొట్టి బోల్టును పీఠం మీద, అందరికీ కనబడేలా పెట్టింది.

ఆదివారం ఎండ తగ్గేసరికి గుండు పెరట్లో నిలబడి ఉంది. మసి పోయి, నూనె పట్టిన ఎనామిల్ నిగనిగలాడుతోంది. అడుగున గాలి రెక్కలు వేలితో తోస్తే జారుతున్నాయి. బొగ్గు ఎర్రబడింది. జాలీ మీద మొక్కజొన్న పొత్తులు, చేపలు, బంగాళాదుంపలు. పిడి పట్టుకుని గుండును అటూ ఇటూ ఊపి చూపించింది కూతురు. "చూడు బాబాయ్, రాయిలా ఉంది."

మరిది నిజంగానే బకెట్ నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. "నేను నమ్మను. వదిన బిగించింది కదా."

"కాళ్ళు పైన పెట్టుకోండర్రా," అంది అత్తగారు, కొత్తబట్టల్లో, నవ్వుతూ. "నాకున్నది ఒక్క మంచికాలే."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. అది వాళ్ళు గమనించడానికి కొంతసేపు పట్టింది. పట్టకారు తీసుకెళ్ళి మరిది చేతిలో పెట్టింది. "పొత్తులు నువ్వు తిప్పు. మాడితే నీ పూచీ." ఒక కుర్చీ లాక్కొచ్చి, గుండుకి మూడో కాలివైపు, అప్పుడు అత్తగారు కూర్చున్న చోటే వేసుకుని కూర్చుంది. విందు జరుగుతుండగా ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"అక్కడొద్దే," అంది అత్తగారు. నవ్వు పోయింది. "ఇవతలికి రా, కాలుతుంది."

"కాలదు అత్తయ్యా. ఈసారి దాని బోల్టు దానికే ఉంది."

"దాని బోల్టు ఏంటి?"

"మూడో కాలిది. ఇన్నాళ్ళూ వేరేచోట ఉంది. ఎక్కడుందో మీ అబ్బాయినే అడగండి."

భర్త అప్పుడే ప్లేట్లు తేవడానికని హాల్లోకి వెళ్ళి, ఉత్త చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఉత్త చేతులు కూడా కాదు. ఒక చేతిలో పసుప్పచ్చటి పొట్టి బోల్టు ఉంది. దాన్ని దాచుకోవాలో చూపించాలో తెలియక పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉన్నాడు. అతని వెనకాల గోడ మీద షీల్డు ఒరిగి కనిపిస్తోంది.

"ఏంట్రా అది?" అంది అత్తగారు. "ఏమైంది నీకు?"

అతను భార్యవైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, సాయమూ చేయలేదు. అతనికి మాట తడబడినప్పుడల్లా అందించే మనిషి ఈసారి ఒళ్ళో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది. చేపల మీది నూనె నిప్పుల్లో పడి చిటపటలాడింది. మరిది పొత్తు తిప్పడం మర్చిపోయాడు.

"అమ్మా," అన్నాడు అతను. "ఇది షీల్డుతో వచ్చిన బోల్టు. పొట్టిదయింది, అందలేదు. మా మేనేజరు వచ్చేలోపు అది గోడ మీదుండాలని నాకు ఒకటే తొందర. పెరట్లోకెళ్ళి గుండుది ఒకటి విప్పుకొచ్చాను. ఇది అక్కడ పెట్టేశాను. ఒక్క పూటేగా, ఆగుతుందిలే అనుకున్నా."

"అంటే..." అంది అత్తగారు. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే కుడిపాదం మీదికి పోయింది.

"కాలు జారిన క్షణంలోనే తెలిసింది. చెప్దామనే నోరు తెరిచానమ్మా. అందరూ నావైపే చూస్తున్నారు. వేరే మాట వచ్చేసింది. అది వచ్చాక నేనింక ఏం చేయక్కర్లేకపోయింది. మీరంతా కలిసి దాన్ని మోశారు. నేను నవ్వుతూ కూర్చున్నా."

"కాని నాన్నా," అంది కూతురు, "అమ్మ మూడోది బిగించడం మర్చిపోయిందని నాకు చెప్పింది నువ్వు. అమ్మ కూడా, ఏమో, మర్చిపోయానేమో అనేది. నేను నమ్మాను."

"మర్చిపోలేదమ్మా." అతను గుమ్మం దిగి పెరట్లోకి వచ్చాడు, గుండు ముందు ఆగాడు. "అప్పుడు నేను స్టూలు మీద నిలబడి షీల్డు తుడుస్తున్నాను. కిటికీలోంచి అంతా కనబడుతోంది. మీ అమ్మ స్పానర్ పట్టుకుని దీని చుట్టూ తిరిగింది. ఒకటి. రెండు. మూడోదాని దగ్గర ఒంగి, రెండు చేతులతో బిగించింది. నేను చూశాను."